నొక్కకముందు, నొక్కిన తర్వాత

రేడియోలో ఫోటోల గురించి మాట్లాడటం తమాషా వ్యవహారం. చూపించడానికి ఏమీ ఉండదు. ఇక్కడ చెప్పాలి, అక్కడ మీరు ఊహించుకోవాలి. ఫోటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థికి ఇది నష్టమేమీ కాదు. తియ్యబోయే బొమ్మని ముందుగా మనసులో చూసుకోవడమే అతను మొట్టమొదట అలవాటు చేసుకోవాల్సిన పని.

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఇప్పుడే అక్కర్లేదు, ఈ ప్రసంగం అయ్యాక చేసినా సరే. ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ఉంటే ఎండ బాగా పడే కిటికీ దగ్గర పెట్టి, స్పీడుగా తిప్పి, ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. రెక్కలన్నీ ఒకే తీరుగా రావు. ఒకటి లావుగా వస్తుంది. ఒకటి సన్నగా వస్తుంది. ఒకటి కొడవలిలా వంగిపోతుంది. ఫోన్ పాడైందని కంగారు పడకండి. ఫోన్ కెమెరా చాలావరకు బొమ్మ మొత్తాన్ని ఒక్కసారే చదవదు. ఒక వరస చదువుతుంది, దాని కింద మరో వరస, దాని కింద మరోటి. మొదటి వరస చదివినప్పుడు రెక్క ఒక చోట ఉంది. చివరి వరసకి వచ్చేసరికి అది ఇంకో చోటికి వెళ్లిపోయింది. ఆ తేడాయే వంకర. రైలు కిటికీలోంచి ఫోన్ అడ్డంగా పట్టుకుని తీస్తే కరెంటు స్తంభాలు ఒరిగిపోయినట్టు వచ్చేది కూడా ఇందుకే. దీన్ని రోలింగ్ షటర్ అంటారు.

నూరేళ్ల కిందట ఫ్రాన్సులో ఒక కుర్రాడి చేతిలో ఇలాంటిదే జరిగింది. అతని పేరు జాక్ ఆన్రి లార్తీగ్. 1894లో పుట్టాడు. కార్లంటే, విమానాలంటే, వేగంగా పోయేది ఏదైనా సరే, పిచ్చి. 1912 ప్రాంతంలో గ్రాంప్రి కార్ల పందెం చూడటానికి కెమెరా పట్టుకుని వెళ్లాడు. అప్పటికి అతనికి ఇరవై కూడా నిండలేదు. దూసుకుపోతున్న కారుని వెంబడిస్తూ కెమెరా తిప్పి నొక్కాడు. బొమ్మ ఎలా వచ్చిందో ఊహించుకోండి. కారు సగం ఫ్రేములోంచి బయటికి పోయింది. చక్రం గుండ్రంగా లేదు, సాగిపోయి ముందుకి వాలింది. పక్కన నిలబడ్డ జనం, స్తంభాలు మాత్రం వెనక్కి వాలిపోయాయి.

కారణం చాలా మామూలుది. ఆ కెమెరాలో ప్లేటు ముందు ఒక తెర ఉంటుంది. ఆ తెరకి సన్నని సందు. ఆ సందు ప్లేటు మీదుగా జారుతూ పోతుంటే బొమ్మ కొంచెం కొంచెంగా పడుతుంది. ఈలోగా కారు కదిలింది, కుర్రాడి చెయ్యీ కదిలింది. కారు ఒక వైపు వాలింది, జనం ఇంకో వైపు వాలారు. ఆ ఫోటోని దశాబ్దాల పాటు లోకం చూడలేదు. 1963లో న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన ఫోటోలతో ప్రదర్శన పెట్టేనాటికి లార్తీగ్‌కి డెబ్భై దగ్గర పడ్డాయి. వేగాన్ని చూపించాలంటే ఇవాళ్టికీ కార్టూనిస్టులు చక్రాన్ని అలాగే ముందుకి వాల్చి గీస్తారు.

ఈ కథ ఎందుకంటే, ఇవాళ్టి విద్యార్థి చేతిలో యాప్ ఉంది. యాప్ నిండా బటన్లు ఉన్నాయి. మోషన్ బ్లర్ ఒక బటన్. హెచ్‌డీఆర్ ఒక బటన్. డబుల్ ఎక్స్‌పోజర్ ఇంకో బటన్. వీటిలో చాలావాటి వెనక ఎప్పుడో ఎవరో చేత్తో చేసిన పని ఉంది. ఆ పని ఏమిటో తెలిసినవాడు బటన్‌ని వాడుకుంటాడు. తెలియనివాడిని బటనే వాడుకుంటుంది. ఇవాళ్టి మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది: బటన్ వెనక ఉన్న చేతిపని.

లార్తీగ్ చేసినట్టు కదిలే వస్తువుని వెంబడిస్తూ తియ్యడాన్ని పానింగ్ అంటారు. దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే చాలు. షటర్ స్పీడు సెకనులో 30వ వంతుకి తెచ్చుకోవాలి. మరీ ఎండగా ఉంటే బొమ్మ తెల్లబోతుంది కాబట్టి సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య రోడ్డు పక్కన నిలబడాలి. ఆటో వస్తుంది. అది ఎదురుగా వచ్చినప్పుడు కాదు, దూరంగా ఉన్నప్పుడే దాన్ని ఫ్రేములోకి తెచ్చుకోవాలి. కాళ్లు కదపకూడదు. చేతులు ఒక్కటే తిప్పినా కుదరదు. నడుము దగ్గర్నుంచి ఒళ్లంతా ఆటోతోపాటు తిరగాలి. ఎదురుగా వచ్చినప్పుడు నొక్కాలి. నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. కొత్తవాళ్లందరూ ఆపేసేది అక్కడే. నొక్కగానే చెయ్యి ఆగిపోతుంది, బొమ్మ చెదిరిపోతుంది. సరిగ్గా కుదిరితే ఆటో స్పష్టంగా వస్తుంది, వెనకున్న దుకాణాలు, బోర్డులు, జనం రంగు గీతలైపోతారు. పదిసార్లు తీస్తే ఒకటి రావచ్చు. ఆ ఒక్కదానిలో ఉండే ఊపు ఏ మోషన్ బ్లర్ బటన్ ఇవ్వదు. ఎందుకంటే యాప్ వెనకున్నదాన్నంతా ఒకే తీరుగా చెరిపేస్తుంది. నిజమైన పానింగ్‌లో ఎదురు దిక్కున పోయేది ఎక్కువ చెదురుతుంది, ఆటో వైపే కదిలేది తక్కువ చెదురుతుంది. కన్ను ఆ తేడాని పట్టేస్తుంది.

సెకనులో 30వ వంతు నుంచి ఇప్పుడు ఏకంగా పది సెకన్లకి పోదాం. షటర్ పది సెకన్లు తెరిచే ఉందనుకోండి. ఆ పది సెకన్లలో కెమెరా ముందు కదిలిన ప్రతి వెలుగూ గీత గీస్తుంది. వెలుగు పడనిది బొమ్మలోకే రాదు.

1949లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ గ్యోన్ మిలి దక్షిణ ఫ్రాన్సులోని వలోరీస్ వెళ్లి పికాసోని కలిశాడు. మిలి అసలు ఇంజనీరుగా చదువుకున్న మనిషి. ఐస్ స్కేటర్ల బూట్లకి చిన్న దీపాలు కట్టి, చీకట్లో వాళ్లు గెంతుతుంటే తీసిన ఫోటోలు తీసుకెళ్లి పికాసోకి చూపించాడు. అవి చూడగానే పికాసోకి చెయ్యి ఊరుకోలేదు. చీకటి గదిలో చిన్న విద్యుద్దీపం పట్టుకుని గాలిలో ఎద్దుల్ని గీశాడు, సగం మనిషి సగం గుర్రం అయిన సెంటార్లని గీశాడు. గీత గాలిలో నిలవదు. గీసినవాడికి కూడా కనిపించదు. కెమెరా ఒక్కదానికే కనిపిస్తుంది. ఆ ఫోటోల్లో తెల్లని వెలుగు గీతల వెనక పికాసో కూడా కనిపిస్తాడు. ఎలాగంటే, మధ్యలో ఒక్క క్షణం ఫ్లాష్ వెలిగించారు. ఫ్లాష్ మనిషిని పట్టింది, తెరిచి ఉన్న షటర్ గీతని పట్టింది.

ఇది మన ఇంట్లో దీపావళికి ఎవరైనా చెయ్యొచ్చు. కాకరపువ్వొత్తి చాలు. డాబా మీద వీధిదీపం పడని మూల చూసుకోవాలి. ఫోన్‌ని ఎక్కడైనా కదలకుండా ఆనించాలి. ట్రైపాడ్ లేకపోతే ఒక చిన్న గుడ్డసంచిలో బియ్యం పోసి, మూతి కట్టి, దాని మీద ఫోన్ ఒత్తిపెడితే కదలదు. ఐఎస్ఓ 100, షటర్ పది సెకన్లు, రెండు సెకన్ల టైమర్. టైమర్ ఎందుకంటే, వేలు తగిలినప్పుడు ఫోన్ అదురుతుంది, ఆ అదురు తగ్గాక షటర్ తెరుచుకోవాలి. గీసే మనిషి ముదురు రంగు నూలు బట్టలు వేసుకోవాలి. పక్కన బకెట్టుతో నీళ్లు ఉండాలి, అది ఫోటో కోసం కాదు, పండగ కోసం.

ఇక గాలిలో ఏం రాయాలి? చాలామంది తమ పేరు రాస్తారు. రాశాక చూసుకుంటే అక్షరాలు తిరగబడి ఉంటాయి. కెమెరా ఎదురుగా ఉంది కదా, మన కుడి దానికి ఎడమ. పట్టుబట్టి అక్షరాలు తిప్పి రాయడం నేర్చుకునేవాళ్లు ఉన్నారు. అంత కష్టపడనక్కర్లేదు. మామూలుగానే రాసి, తర్వాత ఎడిటింగ్‌లో ఫ్లిప్ నొక్కితే సరిపోతుంది. మన తెలుగు అక్షరాలు ఈ పనికి ఎంత అనువైనవో చెయ్యి తిప్పితే కానీ తెలియదు. గుండ్రని గీత కాబట్టి చేతికి ఆటంకం ఉండదు. తలకట్టు దగ్గర మాత్రమే చిక్కు. అక్కడ చెయ్యి ఎత్తాలి, వెలుగు మాత్రం ఆరదు. అందుకే రెండో చేత్తో ఒక నల్ల అట్ట పట్టుకుని, చెయ్యి ఎత్తినప్పుడల్లా వెలుగుకి అడ్డం పెట్టాలి. కాకరపువ్వొత్తితో ఇది సాధ్యం కాదు, టార్చితోనే కుదురుతుంది.

చీకటి గది మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. హంపీలో విరూపాక్ష ఆలయానికి వెళ్లినవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. గుడి వెనక భాగంలో ఒక చీకటి గది. గోడలో చిన్న రంధ్రం. ఎదుటి గోడ మీద తూర్పు వైపు రాజగోపురం తలకిందులుగా పడి కనిపిస్తుంది. ప్రొజెక్టరు లేదు, అద్దం లేదు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి గోపురం పైనుంచి వచ్చిన కిరణం రంధ్రంలోంచి దూరి గోడ కిందికి పోతుంది. కిందినుంచి వచ్చింది పైకి పోతుంది. అంతే. అదే కెమెరా. హవానాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అబెలార్డో మొరెల్ అనే ఫోటోగ్రాఫర్ 1991లో తన ఇంటి గదినే ఇలా కెమెరాగా మార్చేశాడు. కిటికీలన్నీ నల్లగా మూసి, ఒక చిన్న రంధ్రం వదిలి, బయటి వీధి మంచం మీద, గోడ మీద తలకిందులుగా పడుతుంటే, గదిలో ఇంకో కెమెరా పెట్టి దాన్ని ఫోటో తీశాడు. ఫిల్ముతో ఒక్కో బొమ్మకి గంటల తరబడి పట్టేది. ఇప్పటి డిజిటల్ కెమెరాకి అంత సమయం అక్కర్లేదు. హాస్టల్ గది, నాలుగు నల్ల చార్టులు, అంటించడానికి టేపు, మధ్యలో రూపాయి బిళ్లంత రంధ్రం. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ ఉండాలి, ఎదురుగా ఎండ పడే భవనమో చెట్టో ఉండాలి. లోపల నిలబడి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి. గోడ మీద రోడ్డు కనిపిస్తుంది, తలకిందులుగా బస్సు పోతుంది. రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది కానీ వెలుగు తగ్గుతుంది. పెద్దదైతే వెలుగు ఎక్కువ, స్పష్టత తక్కువ. పుస్తకంలో అపర్చర్ పాఠం ఎన్నిసార్లు చదివినా అర్థం కానివాళ్లకి ఈ ఒక్క మధ్యాహ్నం చాలు.

ఇప్పుడు మన సినిమా దగ్గరికి వద్దాం. 1957లో వచ్చిన మాయాబజార్ చూడని తెలుగువాళ్లు అరుదు. కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రాహకుడు. అందులో వెన్నెల్లో నౌకావిహారం పాట గుర్తు తెచ్చుకోండి. ఆ వెన్నెల ఆకాశంలోంచి రాలేదు. బార్ట్‌లీ దీపాలతో, నీడలతో తయారుచేసిన వెన్నెల అది. రంగు లేదు. నలుపు తెలుపుల్లోనే చల్లదనం కనిపించింది. ఆ పనితనం గురించి సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిజమైన వెన్నెల ఫోన్‌కి చాలదు. తీస్తే బొమ్మ నిండా చుక్కలు, నాయిస్. అందుకని పగలే రాత్రిని తియ్యాలి. సినిమావాళ్లు చాలాకాలంగా చేస్తున్న పనే ఇది. దానికి మూడు సంగతులు గుర్తుంటే చాలు. ఒకటి, వైట్ బ్యాలెన్స్‌ని బల్బు గుర్తు మీద పెట్టాలి. బల్బు వెలుగు పసుపు కదా, దాన్ని సరిచేద్దామని కెమెరా నీలం కలుపుతుంది. ఎండలో అదే సెట్టింగ్ పెడితే బొమ్మంతా నీలంగా వస్తుంది. రెండు, ఎక్స్‌పోజర్‌ని బాగా తగ్గించాలి, దాదాపు రెండు స్టాపులు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకూడదు. ఆకాశం కనిపించిందా, పగలని పట్టుబడిపోతుంది. సూర్యుడు మనిషి వెనక ఉండాలి. అప్పుడు జుట్టు అంచున, భుజం అంచున సన్నని వెలుగు గీత పడుతుంది. ఆ సూర్యుడే ఫోటోలో చంద్రుడు. మళ్లీ చెప్పుకుందాం: నీలం, చీకటి, ఆకాశం వద్దు. ఎడిటింగ్‌లో మిగిలేది కొంచెమే. రంగుల గాఢత కాస్త తగ్గించాలి, ఎందుకంటే మసక వెలుగులో మన కళ్లు రంగుల్ని సరిగ్గా చూడలేవు. ఎర్ర చీర ఎర్రగా మెరుస్తుంటే అది రాత్రి అని ఎవరూ నమ్మరు.

ఆకాశం ఫోటోగ్రాఫర్లని మొదట్నుంచీ ఏడిపిస్తూనే ఉంది. 1850ల్లో వాడే ప్లేట్లకి నీలం రంగు మరీ ఎక్కువగా తగిలేది. సముద్రం సరిగ్గా వచ్చేలా తీస్తే ఆకాశం తెల్లకాగితమై పోయేది. మబ్బులు వచ్చేలా తీస్తే సముద్రం నల్లబడేది. గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ 1856, 57 ప్రాంతంలో సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ విడివిడిగా తీసి, దిగంతం దగ్గర రెండింటినీ అతికి ప్రింటు వేసేవాడు. ఒకే మబ్బుల్ని రెండు మూడు సముద్రాల మీద వాడుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఫోన్‌లో హెచ్‌డీఆర్ బటన్ నొక్కినప్పుడు జరిగేది ఇంచుమించు అదే. ఫోన్ వెంటవెంటనే కొన్ని ఫోటోలు తీసి, చీకటి భాగం ఒకదాన్నుంచి, వెలుగు భాగం ఇంకోదాన్నుంచి తీసుకుని కలుపుతుంది. రాజమండ్రిలో గోదావరి ఒడ్డున సాయంత్రం వంతెనని తియ్యాలంటే ఇది పనికొస్తుంది. కానీ పడవ కదులుతుంటే చిక్కు. ఒక ఫోటోలో పడవ ఇక్కడ, ఇంకో ఫోటోలో అక్కడ. అతుకు దగ్గర దయ్యంలాంటి పడవ వస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. కాలేజీల ప్రదర్శనల్లో హెచ్‌డీఆర్ మోజు శ్రుతి మించుతోంది. చెట్ల చుట్టూ తెల్లని అంచు, మబ్బులు బొగ్గు రంగు, మనుషుల ముఖాలు మట్టిబొమ్మల్లా. సాయంత్రం పూట వంతెన నల్లగా ఉంటే ఉండనివ్వొచ్చు. దాని ప్రతి రివెట్టూ కనిపించనక్కర్లేదు.

ఇప్పుడు విద్యార్థులకి అన్నిటికంటే సరదా అయిన పని. ఒకే మనిషి ఒకే ఫోటోలో ముగ్గురుగా కనిపించడం. 1964లో రాముడు భీముడు సినిమాలో ఎన్.టి.రామారావు ఇద్దరుగా కనిపించేనాటికి సినిమాల్లో కంప్యూటర్ లేదు. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయానికి వాడే ప్రధానమైన కిటుకు మాస్కు. లెన్సు ముందు సగం నల్లగా మూసి, రెండో సగంలో నటుణ్ణి నిలబెట్టి తీసేవారు. తర్వాత ఫిల్ముని వెనక్కి చుట్టి, మూసిన సగం తెరిచి, తెరిచిన సగం మూసి, నటుడికి బట్టలు మార్చి మళ్లీ తీసేవారు. ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదిలినా గోడ మధ్యలో చీలిక కనిపించేది.

హాస్టల్ గదిలో ఇప్పుడు అదే పని చేద్దాం. ఒక స్నేహితుడు. మూడు చోట్లు: మంచం మీద చదువుకుంటూ, కిటికీ దగ్గర బయటికి చూస్తూ, కుర్చీలో టీ తాగుతూ. ఫోన్‌ని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టాలి. అసలు కిటుకు దీని తర్వాత ఉంది. తెర మీద వేలు ఒత్తిపట్టి ఎక్స్‌పోజర్‌నీ ఫోకస్‌నీ లాక్ చెయ్యాలి. చెయ్యకపోతే ఏమవుతుందంటే, తెల్లచొక్కా వేసుకున్న స్నేహితుడు కెమెరాకి దగ్గరగా కూర్చున్నప్పుడు ఫోన్ వెలుగు ఎక్కువైందనుకుని బొమ్మని చీకటి చేస్తుంది. దూరంగా వెళ్లినప్పుడు మళ్లీ వెలుగు పెంచుతుంది. మూడు ఫోటోల్లో గోడ మూడు రంగుల్లో వస్తుంది. తర్వాత ఏ ఎడిటింగూ దాన్ని పూర్తిగా కలపలేదు. కరెంటు దీపం వెలిగించి ఉంటే ఆర్పకూడదు, ఆరిపోయి ఉంటే వెలిగించకూడదు. మబ్బు పట్టి వదిలే రోజున కిటికీ వెలుగుని నమ్మకూడదు.

మూడు ఫోటోలూ తీశాక గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పై ఫోటోకి లేయర్ మాస్కు తగిలించాలి. మాస్కు మీద నల్ల బ్రష్ తిప్పిన చోట పై ఫోటో మాయమై కింది ఫోటో కనిపిస్తుంది. తెల్ల బ్రష్ తిప్పితే పై ఫోటో మళ్లీ వస్తుంది. పై ఫోటో ఎక్కడా చెరిగిపోదు, దాక్కుంటుంది అంతే. అందుకే రబ్బరుతో తుడిచేకంటే మాస్కు మంచిది. తప్పు చేసినా వెనక్కి రావచ్చు. నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. ఇదొక్కటి గుర్తుంటే సగం ఫోటోషాప్ వచ్చినట్టే.

పట్టించేది ఎప్పుడూ నీడే. కుర్చీలో మనిషిని తీసుకొచ్చి, అతని నీడని అక్కడే వదిలేస్తారు. నేల మీద నీడ లేని మనిషి గాలిలో తేలుతున్నట్టుంటాడు. బ్రష్ తిప్పేటప్పుడు మనిషి అంచుని కాకుండా, నీడ పడినంత మేరా కలుపుకుని విశాలంగా తిప్పాలి. మొదటిసారి ముగ్గురి మధ్యా జానెడు ఖాళీ ఉంచాలి. బాగా చెయ్యి తిరిగాక, స్నేహితుడు తనకి తానే టీ గ్లాసు అందిస్తున్నట్టు తియ్యడానికి ప్రయత్నించవచ్చు. గ్లాసు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి వేళ్లు ఎవరి వేళ్ల మీద పడాలి అనేది తీసేముందే కాగితం మీద గీసుకోవాలి. నొక్కాక గీసుకుంటే లాభం లేదు.

ఇక ఎడిటింగ్‌లో అన్నిటికంటే పాత పని, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది. బొమ్మలో ఒక చోట వెలుగు పెంచడం, ఒక చోట తగ్గించడం. డాడ్జింగ్, బర్నింగ్ అంటారు. డార్క్‌రూమ్‌లో కాగితం మీద వెలుగు ఎంతసేపు పడితే అక్కడ అంత నల్లబడుతుంది. ఒక సన్నని తీగ చివర గుండ్రని అట్టముక్క అతికించి ముఖం మీద వెలుగుకి అడ్డం పెడితే ముఖం తెల్లగా మిగులుతుంది. అది డాడ్జింగ్. రెండు చేతులూ మడిచి మధ్యలో చిన్న సందు వదిలి, ఆకాశం మీద మాత్రమే ఇంకాసేపు వెలుగు పడనిస్తే ఆకాశం నల్లబడుతుంది. అది బర్నింగ్. ఫోటోషాప్‌లో ఈ రెండు పనిముట్ల గుర్తులు చూడండి. ఒకటి పుల్లకి గుండ్రని ముక్క అంటించినట్టు ఉంటుంది. రెండోది మడిచిన చెయ్యి. ఫోటోషాప్‌ని తయారుచేసిన నోల్ అన్నదమ్ముల తండ్రికి ఇంట్లోనే డార్క్‌రూమ్ ఉండేది. 1990లో ఆ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చింది, డార్క్‌రూమ్‌లోని ఆ తీగా, ఆ చెయ్యీ తర్వాత దానిలోకి చేరాయి. స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లోనూ ఈ పనికి బ్రష్ ఉంది.

ఈ పనిలో పేరు మోసినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్. 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే చిన్న ఊరి పక్కనుంచి కారులో వెళ్తున్నాడు. చంద్రుడు పైకొచ్చాడు. కుంగిపోతున్న సూర్యుడి వెలుగు శ్మశానంలోని తెల్లని శిలువల మీద పడుతోంది. కారు ఆపి కెమెరా బిగించాడు. లైట్ మీటర్ కనిపించలేదు. చంద్రుడి వెలుగు ఎంతుంటుందో ఆయనకి కంఠతా వచ్చు. ఆ లెక్కతోనే ఎక్స్‌పోజర్ కట్టి ఒక్కటి తీశాడు. రెండోది తీద్దామనుకునేసరికి శిలువల మీద వెలుగు పోయింది. ఆ ఒక్క నెగటివ్ నుంచి జీవితాంతం ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు, వెయ్యికి పైగా. తొలి ప్రింట్లలో ఆకాశంలో పల్చని మబ్బు చారలు కనిపిస్తాయి. తర్వాతి ప్రింట్లలో ఆకాశాన్ని బర్న్ చేసి చేసి దాదాపు పూర్తిగా నల్లగా మార్చేశాడు. చంద్రుడు మరింత మెరిశాడు. ఒకే నెగటివ్, రెండు రకాల రాత్రులు.

అదే పనిముట్టు ఇంకో చోట ఏం చేసిందో చూడండి. 1994 జూన్‌లో అమెరికాలో ఓ.జె.సింప్సన్ అనే మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి హత్యకేసులో అరెస్టు చేశారు. పోలీసులు తీసిన ఫోటోని టైమ్, న్యూస్‌వీక్ పత్రికలు రెండూ ముఖచిత్రంగా వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. టైమ్ పత్రికలో ముఖం బాగా నల్లబడింది, అంచులు చీకటయ్యాయి. రెండు పత్రికలూ దుకాణాల్లో పక్కపక్కనే వేలాడాయి. నల్లజాతి మనిషి ముఖాన్ని కావాలని మరింత నల్లగా, భయం పుట్టేలా చేశారని గొడవ లేచింది. దానికి పన్నెండేళ్ల ముందు, 1982 ఫిబ్రవరిలో, నేషనల్ జియోగ్రాఫిక్ అడ్డంగా ఉన్న ఫోటోని నిలువు ముఖచిత్రంలో ఇమడ్చడానికి ఈజిప్టు పిరమిడ్లని కంప్యూటర్‌తో దగ్గరికి జరిపింది. అక్కడా రగడే. ఆడమ్స్ చేస్తే కళ, టైమ్ చేస్తే తప్పు ఎలా అయింది? బ్రష్ ఒకటే. ఆడమ్స్ తన ఫోటోని వార్త అని చెప్పుకోలేదు. పత్రికలు చూసేవాడికి ఇది జరిగింది జరిగినట్టు అని చెప్పి అమ్ముతాయి. కాలేజీ మ్యాగజైన్‌కి వార్తా ఫోటో ఇచ్చేటప్పుడు విద్యార్థి ఈ గీత దాటకూడదు. వెలుగు సరిచెయ్యొచ్చు. మనిషిని చేర్చకూడదు, తియ్యకూడదు.

కళ అని ముందే చెప్పినప్పుడు మాత్రం చేతులు కట్టుకోనక్కర్లేదు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్ తన కుటుంబాన్ని, తనని తాను ఎన్నో ఏళ్లపాటు ఫోటోలు తీసుకున్నాడు. ఆయన మనవడు, కళాకారుడు వివాన్ సుందరం 2001, 2002 సంవత్సరాల్లో ఆ పాత ఫోటోలని కంప్యూటర్‌లో కలిపి రీటేక్ ఆఫ్ అమృత అనే వరస తయారుచేశాడు. వేర్వేరు కాలాల ఫోటోల్లోని మనుషులు ఒకే గదిలో కలుసుకుంటారు. అద్దంలో ఒకరు, అద్దం ముందు ఇంకొకరు. అతుకు ఎక్కడుందో వెతకాలనిపించదు.

మన ఇళ్లలోనూ ఇనప్పెట్టెలో పాత స్టూడియో ఫోటోలు ఉంటాయి. అమ్మమ్మ పెళ్లినాటిది, తాతయ్య కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నది. దాన్ని స్కాన్ చేసి, ఇంటి వరండాలో ఇప్పుడు మనవరాలిని నిలబెట్టి తీసి కలపొచ్చు. కలిపేముందు పాత ఫోటోలో వెలుగు ఏ వైపునుంచి పడిందో చూడాలి. ముక్కు నీడ చూస్తే తెలిసిపోతుంది. మనవరాలి మీద వెలుగు కూడా అటువైపు నుంచే పడాలి. ఆ పాత కెమెరా ఎంత ఎత్తున ఉందో అంచనా వెయ్యాలి. ఆ రోజుల్లో చాలాసార్లు నడుము ఎత్తునే ఉండేది. ఇప్పుడు కంటి ఎత్తున పట్టుకుని తీస్తే ఇద్దరూ వేర్వేరు నేలల మీద నిలబడ్డట్టుంటుంది. ఫోటో ఫ్రేములోంచి తియ్యకుండా అద్దం మీదనుంచే ఫోన్‌తో తీస్తే మెరుపు పడుతుంది కాబట్టి, కిటికీకి పక్కగా, గోడ నీడలో పెట్టి తియ్యాలి.

చివరగా ఫైళ్ల సంగతి. కెమెరాలో రా ఫైలు తీసే వీలుంటే అదే తియ్యాలి. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకి నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు ఉంటాయి. చాలా కెమెరాల రా ఫైల్లో వేలల్లో ఉంటాయి. ఆకాశాన్ని నల్లబరిచినప్పుడు చారలు చారలుగా విరిగిపోయేది జేపెగ్, విరగనిది రా. ఎడిట్ చేసినదాన్ని ఎప్పుడూ వేరే పేరుతో దాచాలి. అసలు ఫైలుని ఫోన్‌లో జాగా చాలలేదని తుడిచెయ్యొద్దు. వరల్డ్ ప్రెస్ ఫోటో వంటి పెద్ద పోటీల్లో చివరి వరసకి వచ్చిన ఫోటోలకి ముందు అడిగేది ఆ అసలు ఫైలునే.